నెలసరి ఆగిపోయాక పొట్టలో ఇబ్బంది: గ్యాస్ బిళ్ళ వేసుకునే ముందు చూసుకోవాల్సినవి

యాభై దాటిన ఆడవాళ్ళు డాక్టరమ్మ ముందు కూర్చుని చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. "పొట్టంతా బిగదీసినట్టు ఉంటోందమ్మా." "రెండు ముద్దలు తినేసరికే నిండిపోతోంది." "పొత్తికడుపులో ఏదో లాగుతున్నట్టు ఉంది." ఆ వెంటనే వాళ్ళే అనేస్తారు, "గ్యాసే అయ్యుంటుంది లెండి" అని. ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రి గైనిక్ ఓపీలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు తెనాలిలో ఉంటున్నా, చుట్టుపక్కల ఆడవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఈ పొట్ట సంగతే.

చాలాసార్లు అది నిజంగా గ్యాసో, మలబద్ధకమో అయ్యుంటుంది. కాకపోతే ఆ మాట అన్నీ చూశాక చెప్పాల్సింది. నెలసరి ఆగాక కొత్తగా మొదలై, వారాలు గడిచినా పోని పొట్ట ఉబ్బరానికి కనీసం ఒక్క స్కానింగైనా చేయించకుండా గ్యాస్ అని పేరు పెట్టకండి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దాన్ని ఎలా గమనించాలి, ఎవరికి చూపించాలి, ఏం అడగాలి అన్నదే.

నెలసరి ఆగడమంటే వరసగా 12 నెలలు ముట్టు రాకపోవడం. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకే జరుగుతోంది. ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే మొదలైనట్టు. వాళ్ళకు ముప్పై ఎనిమిదేళ్ళే ఉన్నా సరే, ఇక్కడ రాసేది వాళ్ళకూ వర్తిస్తుంది.

గోడ క్యాలెండర్‌లో రాయండి

తిథి, వర్జ్యం చూసుకునే గోడ క్యాలెండర్ దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ దాని మీదే రాసుకుంటాం. పొట్ట సంగతి కూడా అక్కడే రాయండి. ఉబ్బరంగా ఉన్న రోజు ఆ తేదీ గడిలో 'ఉ', పొట్టలో గానీ పొత్తికడుపులో గానీ నొప్పి ఉంటే 'నొ', ఎప్పుడూ తినేంత తినలేకపోతే 'తి', మూత్రానికి మాటిమాటికీ లేవాల్సి వచ్చినా, ఆపుకోలేకపోయినా 'మూ'. రాయడం రాని పెద్దవాళ్ళు మనవరాలి చేత చుక్కలు పెట్టించుకోవచ్చు.

ఈ నాలుగే ఎందుకంటే, అండాశయ క్యాన్సర్ మొదట్లో చూపించే గుర్తులు ఇవే. అజీర్తికీ ఇవే ఉంటాయి కాబట్టి ఆ క్యాన్సర్‌ను ఆలస్యంగా పట్టుకోవడం జరుగుతుంది. అజీర్తి వచ్చి పోతుంది. పెళ్ళి భోజనం తిన్న మర్నాడు ఉబ్బరం ఉంటుంది, మూడోనాటికి సర్దుకుంటుంది. క్యాన్సర్ అలా కాదు, కొత్తగా మొదలవుతుంది, దాదాపు రోజూ ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. నెలలో 12 సార్లకు మించి ఈ గుర్తులు పడితే డాక్టరుకు చూపించాల్సిందే. ఇది నా సొంత లెక్క కాదు, 2011లో బ్రిటన్‌లో డాక్టర్ల కోసం వేసిన మార్గదర్శకాల్లో ఉన్నదే. యాభై దాటిన ఆడవాళ్ళకు మొదటిసారిగా ఐబీఎస్ (పేగుల్లో జబ్బేమీ కనిపించకుండానే పొట్టనొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడా ఉండటం) లాంటి లక్షణాలు కనిపిస్తే అండాశయాల పరీక్ష చేయమని కూడా వాటిలో ఉంది, ఎందుకంటే ఐబీఎస్ ఆ వయసులో కొత్తగా మొదలవడం అరుదు. రెండు మూడు వారాలుగా వరసగా గుర్తులు పడుతుంటే నెల నిండేదాకా ఆగక్కర్లేదు.

దీనికి తోడు లంగా బొందు చూసుకోండి. తిండి పెరగకుండానే ముడి ఇవతలికి వస్తోందా? జాకెట్టు చేతులు వదులై, నడుం దగ్గర మాత్రం బిగుసుకుంటోందా? ముఖం, చేతులు చిక్కిపోతూ పొట్ట ఒక్కటే పెరుగుతుంటే అది ఒళ్ళు చేయడం కాదు, పొట్టలో నీరు చేరుతూ ఉండొచ్చు. అండాశయం నుంచి కావచ్చు, లివర్ నుంచి కావచ్చు, పొట్టలో టీబీ కూడా కావచ్చు. ఏదైనా సరే, ఆ వారంలోనే చూపించాలి. ఇంట్లోవాళ్ళు "ఈ మధ్య కాస్త లావయ్యావు" అంటుంటే సంతోషించి ఊరుకున్న వాళ్ళను ఓపీలో చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఒక్క చుక్క రక్తం కనిపించినా

నెలసరి ఆగి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే, అది లంగాకు అంటిన చిన్న మరకైనా, గులాబీ రంగు తెల్లబట్టయినా, నొప్పి ఉన్నా లేకపోయినా, గైనకాలజిస్టు దగ్గరకు వెళ్ళాలి. "మళ్ళీ ముట్టు వచ్చింది, ఒంట్లో వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకోకండి. భయపడమనీ కాదు. ఇలా వచ్చే వందమందిలో దాదాపు తొంభై మందికి కారణం చిన్నదే ఉంటుంది, గర్భసంచి లోపలి పొర పలచబడి ఎండిపోవడమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో. తొమ్మిది పది మందికి మాత్రం గర్భసంచి క్యాన్సర్ బయటపడుతుంది. ఆ క్యాన్సర్ వచ్చిన పదిమందిలో తొమ్మిదిమందికి రక్తం ముందే కనిపిస్తుంది. అంటే శరీరం ముందుగానే చెబుతోంది. అప్పుడే వెళ్తే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర మందం చూస్తారు. 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే చాలావరకు ధైర్యంగా ఉండొచ్చు. ఎక్కువ ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. పొర పలచగా ఉందన్నా మళ్ళీ మళ్ళీ రక్తం వస్తుంటే బయాప్సీ గురించి మీరే అడగండి. ఒకసారి వచ్చి ఆగిపోయింది కదా అని రిపోర్టు తెచ్చుకోకుండా వదిలేయడం మాత్రం వద్దు.

వెంటనే బయలుదేరాల్సినవి

పొట్ట పైభాగంలో మంట, బరువుతో పాటు చెమటలు, ఆయాసం, దవడ లేదా ఎడమ చేయి లాగడం ఉంటే అది గుండెపోటు కావచ్చు. నెలసరి ఆగాక ఆడవాళ్ళకు గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది, పైగా షుగర్ ఉన్నవాళ్ళకు ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. సోడా తాగి పడుకోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి. పొట్ట బల్లలా బిగుసుకుని వాంతులవుతూ, విరేచనం గానీ గాలి గానీ పోకపోతే కూడా ఆగకూడదు, పాత ఆపరేషన్ ఉన్నవాళ్ళకు పేగు మెలిపడి ఉండొచ్చు. తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి కూడా అంతే. ఐరన్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకు విరేచనం నల్లగా అవుతుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

మందుల డబ్బా ముందు పెట్టుకోండి

ఇంటికి వచ్చి పొట్ట బాగాలేదన్నవాళ్ళను నేను మొదట అడిగేది, "ఏమేం బిళ్ళలు వేసుకుంటున్నారు, తెచ్చి చూపించండి" అని. ఈ వయసులో చాలామందికి మోకాళ్ళ నొప్పులు. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ తెచ్చుకుని నెలల తరబడి వేసుకుంటారు. కడుపులో పుండ్లు పడటానికి అది పెద్ద కారణం, కిడ్నీలకూ బీపీకీ మంచిది కాదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కొందరిలో ఉబ్బరం, వదులు విరేచనాలు తెస్తుంది. కాల్షియం బిళ్ళలు, ఐరన్ బిళ్ళలు, కొన్ని బీపీ మందులు మలబద్ధకం చేస్తాయి. వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు, ముఖ్యంగా బీపీ, షుగర్ మందులు. ఏది ఎప్పుడు మొదలైంది, పొట్ట బాధ ఎప్పుడు మొదలైంది, రెండూ పక్కపక్కన కాగితం మీద రాసి డాక్టరుకు చూపిస్తే మందు మార్చడమో, వేసుకునే వేళ మార్చడమో చేస్తారు.

పరగడుపున వేసే గ్యాస్ బిళ్ళ గురించి ఒక మాట. పది రోజులకని రాసిచ్చిన బిళ్ళను మూడేళ్ళుగా వేసుకుంటున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. దీర్ఘకాలం వాడితే బి12 తగ్గడం, ఎముకలు విరిగే ముప్పు పెరగడం ఉన్నాయి. నెలసరి ఆగాక ఎముకలు ఎలాగూ బలహీనమవుతుంటాయి. అందుకే ఇంకా అవసరమా అని ఆరు నెలలకోసారైనా అడగండి.

తిండి, నీళ్ళు, విరేచనం

పరీక్షల్లో ఏమీ లేదని తేలితే, లేదా పరీక్షల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఇంట్లో చేసుకోగలిగింది చాలా ఉంది. వయసుతో పేగుల కదలిక నెమ్మదిస్తుంది, నడక తగ్గుతుంది, దంతాలు సరిగ్గా లేక కాయగూరలు మానేస్తారు. మూడు పూటలా తెల్లన్నం, ఇడ్లీ, ఉప్మా, పచ్చడి అయితే పీచు ఎక్కడి నుంచి వస్తుంది? తోటకూర, బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు మెత్తగా ఉడికించి రోజూ ఏదో ఒకటి పెట్టుకోండి. రాత్రిపూట జొన్నరొట్టె మంచిదే, కానీ ఒకేసారి అంతా మార్చేస్తే ఉబ్బరం పెరుగుతుంది. వారానికి కొంచెం చొప్పున పెంచండి. శనగలు, ఉలవలు, బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, ఇంగువ వేసి వండితే చాలామందికి సరిపడతాయి.

పాలు తాగిన గంట రెండు గంటల్లో కడుపు గుడగుడలాడితే పది రోజులు పాలు, పాల టీ మానేసి చూడండి. వయసు పెరిగాక పాలలోని చక్కెర అరగకపోవడం మామూలే. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, కాబట్టి కాల్షియంకు లోటు రాదు.

నీళ్ళ సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. బస్సు ప్రయాణంలో బాత్రూమ్ దొరకదని, పొలంలో మరుగు లేదని, పెళ్ళింట్లో వెళ్ళడానికి మొహమాటమని మన ఆడవాళ్ళు పొద్దున్నించీ నీళ్ళు తాగకుండా ఉంటారు. మలబద్ధకం, మూత్రంలో మంట రెండూ దాంతోనే మొదలవుతాయి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు గంటగంటకూ కాస్త కాస్త తాగుతూ ఉండాలి. రాత్రి భోజనం సీరియళ్ళన్నీ అయ్యాక కాకుండా ఏడున్నర ఎనిమిదిలోపు ముగించి, ఇంటి ముందు పది నిమిషాలు నడవండి. కమోడ్ మీద కూర్చునేవాళ్ళు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్ళు పైకి వచ్చి విరేచనం సులువవుతుంది. ఇసబ్గోల్ ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్ళతో రాత్రి తీసుకోవచ్చు, తక్కువ నీళ్ళతో తీసుకుంటే మరింత బిగుస్తుంది. వాము నీళ్ళు, శొంఠి కషాయం ఉపశమనానికి మంచివే. రోజూ వాటితోనే నెట్టుకొస్తున్నారంటే మాత్రం మళ్ళీ క్యాలెండర్ చూడండి. విరేచనం అలవాటు ఉన్నట్టుండి మారి నెల రోజులైనా సర్దుకోకపోయినా, రక్తం పడినా, అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు, పెద్దపేగు పరీక్ష చేయించాలి.

చెప్పుకోవడానికి సిగ్గుపడేవి

పొత్తికడుపు బరువుగా ఉంది అన్నవాళ్ళను తలుపు వేసి నెమ్మదిగా అడిగితే అసలు విషయం చెబుతారు. కింద పొడిబారి మంట, మూత్రం పోస్తే మంట, దగ్గితే మూత్రం పడిపోవడం, భర్తతో కలిస్తే నొప్పి. ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల ఆ భాగంలో చర్మం పలచబడి ఇవన్నీ వస్తాయి. దీనికి మందుంది. లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము తక్కువ మోతాదులో డాక్టరు రాసిస్తారు, మాటిమాటికీ వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్లను కూడా అది తగ్గిస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఆ సంగతి ముందుగా చెప్పాలి. షాపులో అడిగి తెచ్చుకోకండి.

సాయంత్రమయ్యేసరికి కింద ఏదో జారుతున్నట్టుండి, పడుకుంటే తగ్గితే అది గర్భసంచి కిందికి దిగడం కావచ్చు. వరస కాన్పులు, వంగి నాట్లు వేయడం, బిందెలు మోయడం, ఏళ్ళ తరబడి దగ్గు, ముక్కి ముక్కి విరేచనానికి వెళ్ళడం దీనికి కారణాలు. కాన్పులో తప్పు చేశామనో, ఒళ్ళు దాచుకోలేదనో తమని తాము తిట్టుకునేవాళ్ళుంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మొదటి దశలో కటి కండరాల వ్యాయామం బాగా పనిచేస్తుంది. గాలి బయటికి పోకుండా బిగపట్టినట్టు కింది కండరాలను లోపలికి, పైకి లాగి ఐదు సెకన్లు ఉంచి వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చేయడం అలవాటు చేసుకోవద్దు. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అన్నాళ్ళూ ఓపిక పట్టాలి. ఎక్కువ జారితే ఆపరేషన్ ఒక్కటే కాదు, లోపల పెట్టే రింగు కూడా ఉంది. ఆపరేషన్‌కు గుండె తట్టుకోదన్నవాళ్ళకు అది నిజంగా వరం, కొన్ని నెలలకోసారి తీసి శుభ్రం చేయించుకుంటే చాలు.

గర్భసంచి తీసేసినవాళ్ళు

మన రెండు రాష్ట్రాల్లో ఇది వేరుగా చెప్పాల్సిన విషయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. తెల్లబట్ట, నడుం నొప్పి అని వెళ్ళి ముప్పై ఐదేళ్ళకే తీయించుకుని వచ్చినవాళ్ళు ఎంతమందో! వాళ్ళకు ఇప్పుడు పొట్ట బాధ వస్తే "నాకు సంచే లేదుగా, ఇంకేమొస్తుంది" అంటారు. సంచి తీసినా అండాశయాలు ఉంచి ఉండొచ్చు, వాటికి రావాల్సినవి వస్తాయి. పాత ఆపరేషన్ దగ్గర పేగులు అతుక్కుని నొప్పి రావచ్చు. కోత దగ్గర ఉబ్బెత్తుగా తయారై దగ్గితే బయటికి వస్తుంటే హెర్నియా. అందుకే ఆ పాత డిశ్చార్జి కాగితం బీరువా అడుగున ఉన్నా వెతికి తీయండి, అండాశయాలు తీశారో ఉంచారో అందులో ఉంటుంది. రెండూ తీసేసి ఉంటే, అప్పటికి మీ వయసు నలభై ఐదు లోపైతే, ఎముకల గురించి, గుండె గురించి డాక్టరుతో మాట్లాడండి.

ఆసుపత్రిలో

మంచి రవిక, నగలు ఆలోచించకుండా సులువుగా విప్పి కట్టుకునే బట్టలతో వెళ్ళండి. క్యాలెండర్ కాగితం, మందుల పేర్లు, పాత రిపోర్టులు ఒకే కవర్‌లో పెట్టుకోండి. తల్లికి, అక్కచెల్లెళ్ళకు, మేనత్తలకు రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే అడగకపోయినా చెప్పండి. "గ్యాస్‌గా ఉంది" అని మొదలుపెట్టకండి, అంటే గ్యాస్ మందే రాసిస్తారు. "ముట్లు ఆగి ఆరేళ్ళయింది. రెండు నెలలుగా, వారంలో ఐదు రోజులు పొట్ట ఉబ్బుతోంది, సగం అన్నమే తినగలుగుతున్నా" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో డాక్టరు ఆలోచించే దారే మారుతుంది.

చేతితో లోపలి పరీక్ష అంటే చాలామంది వద్దంటారు. ఒక్క నిమిషం పని. లేడీ డాక్టరు కావాలని అడిగే హక్కు, పక్కన నర్సు గానీ మీ కోడలు గానీ ఉండాలని అడిగే హక్కు మీకుంది. పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్‌కు నీళ్ళు తాగి మూత్రం ఆపుకోవాలి, లోపలి నుంచి చేసే స్కానింగ్‌కు మూత్రం పోసి రావాలి. అండాశయాలు లోపలి స్కానింగ్‌లోనే బాగా కనిపిస్తాయి. అండాశయ క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ 125 అనే రక్తపరీక్ష రాస్తే, మామూలు హద్దు 35 దాటిందని ఇంటర్నెట్‌లో చూసి ఏడవకండి. పొట్ట టీబీ, లివర్ జబ్బు, గుండె బలహీనతలో కూడా అది పెరుగుతుంది. నార్మల్ వచ్చింది కదా అని స్కానింగ్ మానకండి కూడా, తొలిదశ క్యాన్సర్‌లో దాదాపు సగం మందికి అది నార్మల్‌గానే ఉంటుంది.

స్కానింగ్‌లో అండాశయం మీద నీటి బుడగ ఉందని చెబితే చాలా ఇళ్ళల్లో ఆ రాత్రే ఏడుపులు మొదలవుతాయి. గోడ పలచగా, లోపల గట్టి భాగాలేవీ లేకుండా, 5 సెంటీమీటర్ల లోపు ఉండి, సీఏ 125 నార్మల్ అయితే సాధారణంగా ఆపరేషన్ చేయరు, నాలుగైదు నెలలకు మళ్ళీ స్కాన్ చేసి చూస్తారు. చాలా వాటంతటవే తగ్గిపోతాయి. రేపే సంచి, అండాశయాలు అన్నీ తీసేద్దామని ఎవరైనా తొందరపెడితే, రక్తం ధారగా పోతున్న పరిస్థితి కాకపోతే, రిపోర్టు తీసుకుని ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి. నిజంగా క్యాన్సర్ అనుమానం ఉంటే మాత్రం ఊళ్ళో దొరికిన చోట కోయించుకోకుండా క్యాన్సర్ ఆసుపత్రికే వెళ్ళండి. మొదటి ఆపరేషన్ ఎంత పూర్తిగా జరిగిందన్న దాని మీదే తర్వాతి వైద్యం ఆధారపడుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు వెంట తీసుకెళ్ళి, చేరే ముందే ఆసుపత్రిలో ఆ పథకం సాయానికి ఉండే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని ఏవి వర్తిస్తాయో అడగండి.

దూరాన ఉన్న పిల్లలకు

డాలస్‌లోనో బెంగళూరులోనో ఉండి అమ్మకు రోజూ ఫోన్ చేస్తారు. "తిన్నావా అమ్మా" అంటే "తిన్నా" అంటుంది, "ఒంట్లో ఎలా ఉంది" అంటే "బాగానే ఉంది" అంటుంది. అలా కాకుండా, "రాత్రి ఎన్ని ముద్దలు తిన్నావు? పోయిన సంక్రాంతికి తిన్నంత తింటున్నావా? రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేచావు? ముట్లు ఆగాక ఎప్పుడైనా రక్తం కనిపించిందా?" అని అడగండి. చివరి ప్రశ్న కూతురో కోడలో అడిగితే మంచిది, కొడుకు అడిగితే చెప్పదు. వీడియో కాల్‌లో ముఖం ఒక్కటే చూడకుండా లేచి నిలబడమనండి. అపాయింట్‌మెంటు మీరే తీసుకుని, ఆటో ఎవరు తీసుకొస్తారో, తోడు ఎవరు వెళ్తారో కూడా మీరే మాట్లాడి పెట్టండి. రేపు వెళ్తాలే అని ఆవిడకు వదిలేస్తే శ్రావణం అయ్యాక, కార్తీకం అయ్యాక అని నెలలు గడిచిపోతాయి. స్కానింగ్ రిపోర్టులో రెండు అండాశయాల కొలతలు, గర్భసంచి లోపలి పొర మందం రాశారో లేదో ఫొటో పంపించుకుని చూడండి. గ్యాస్ అడ్డొచ్చి అండాశయాలు కనిపించలేదని రాసి ఉంటే, ఆ స్కానింగ్ మళ్ళీ చేయించాలి.